నత్తకి పట్టిన నట్టలు

స్కూల్లో ఉన్నప్పుడు అందర్నీ వరుసగా నిలబెట్టి ఒక మాత్ర నమిలించేవారు, గుర్తుందా? ఆల్బెండజోల్. ఫిబ్రవరి 10న వచ్చే నులిపురుగుల నివారణ దినోత్సవం తాలూకు మాత్ర అది. ఇంట్లో గొర్రెలున్న వాళ్లకైతే నట్టల మందు సంగతి ఇంకా బాగా తెలిసుంటుంది. మన లెక్కలో ఈ పురుగులు కడుపులోంచి తరిమెయ్యాల్సిన శత్రువులు. అంతకు మించి వాటి గురించి ఆలోచించాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

బ్రిటన్‌లో మాత్రం జనం ఈ పురుగులకి దూరపు చుట్టాలని డబ్బులిచ్చి కొనుక్కుంటారు. ఫ్రిజ్‌లో పాల పక్కన దాచుకుంటారు. ఒక సాయంత్రం నీళ్లలో కలిపి, పూలకుండీకి పోసినట్టు పెరడంతా పోస్తారు. ఎందుకంటే ఆ పురుగులు మట్టిలోకి దిగి అక్కడి తోటమాలికి ప్రధాన శత్రువైన నత్తని లోపలి నుంచి తినేస్తాయి. నత్తకి నట్టలు పట్టించడం అన్నమాట. వినడానికి ఏదో విఠలాచార్య సినిమాలా ఉన్నా, 1994 నుంచి షాపుల్లో దొరుకుతున్న సరుకు ఇది. బయాలజీ, కెమికల్ ఇంజనీరింగ్, నీటి శుద్ధి, చట్టం అన్నీ ఇందులో కలిసి ఉన్నాయి. అందుకే ఈ సంచికలో దీని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

గుల్ల లేని నత్త

మొదట బాధితుడి పరిచయం. స్లగ్ అంటే గుల్ల లేని నత్త. ఖచ్చితంగా చెప్పాలంటే, చాలా స్లగ్‌లకి గుల్ల పూర్తిగా పోలేదు. వీపు మీద జీను వేసినట్టు ఒక మందపాటి చర్మం ఉంటుంది, దాన్ని మ్యాంటిల్ అంటారు. దాని కింద చిన్న పలుచటి పెంకు ముక్క, అది ఉండటానికి ఒక ఖాళీ గది మిగిలాయి. తాతల కాలం నాటి గుల్లకి గుర్తు. ఈ ఖాళీ గదిని గుర్తుపెట్టుకోండి, కథలో హత్య జరిగేది అక్కడే.

బ్రిటన్‌లో సుమారు 44 రకాల స్లగ్‌లు ఉన్నాయి. ఎప్పుడూ చల్లగా, తడిగా ఉండే ఆ వాతావరణం వాటికి పుట్టిల్లు లాంటిది. వీటిలో పొలాలకి ఎక్కువ నష్టం చేసేది బూడిద రంగు పొలం స్లగ్. శాస్త్రీయ నామం డెరోసెరాస్ రెటిక్యులేటమ్. పొడవు మన వేలంత కూడా ఉండదు. కానీ నోట్లో ఆకురాయి లాంటి నాలుక, దాని మీద వేల సంఖ్యలో సూక్ష్మమైన పళ్లు. పైగా ప్రతి స్లగ్‌లోనూ ఆడా మగా రెండు అవయవాలూ ఉంటాయి కాబట్టి ప్రతి ఒక్కటీ గుడ్లు పెట్టేదే, అదీ వందల్లో.

ఇవి గోధుమ గింజని విత్తిన మట్టిలోనే తొలిచి డొల్ల చేస్తాయి. మొలకెత్తిన ఆవజాతి నూనె పంటని చిగురు దగ్గర కొరికితే ఆ మొక్క పని అంతటితో సరి. బంగాళదుంపలకి భూమిలోనే బొక్కలు పెట్టేస్తాయి. ఆకుకూరల్లో నష్టం ఇంకో రకం. ఒక లెట్యూస్‌లో ఆకు కొంచెం తింటే పోయేదేం లేదు, కానీ కొన్నావిడ సలాడ్ చేసుకుంటుంటే బతికున్న స్లగ్ బయటపడితే? సూపర్ మార్కెట్ వాడు రైతు సరుకంతా వెనక్కి పంపిస్తాడు. అక్కడి మన తెలుగు కుటుంబాలు పెరట్లో కొత్తిమీర, మెంతికూర చల్లుకున్నప్పుడు రాత్రికి రాత్రే మొలకలన్నీ మాయమైతే, తెల్లారి మట్టి మీద మెరిసే జిగురు చారలు చూసి దొంగ ఎవరో తెలుసుకోవాల్సిందే.

నీలి గుళికలు, తాగే నీళ్లు

చాలా దశాబ్దాలు దీనికి ఒకటే విరుగుడు, మెటాల్డిహైడ్ గుళికలు. చిన్న నీలిరంగు గుళికలు, పిండితో చేసిన ఎరలో విషం కలిపినవి. తిన్న స్లగ్ ఒంట్లో జిగురు అంతా కక్కేసి, ఎండిపోయి చస్తుంది. చవక, చల్లడం తేలిక, పొద్దున్నకల్లా ఫలితం కళ్లముందు కనిపిస్తుంది. రైతుకి ఇంతకన్నా ఏం కావాలి?

ఇబ్బంది రెండు చోట్ల వచ్చింది. మొదటిది, ఆ ఎర స్లగ్‌కి మాత్రమే రుచి కాదు. పెంపుడు కుక్కలు తిని ప్రాణం మీదకి తెచ్చుకున్నాయి. పక్షులకీ ముళ్లపందులకీ కూడా ప్రమాదమే. రెండోది మన సివిల్, కెమికల్ వాళ్లకి ఆసక్తి కలిగించేది. మెటాల్డిహైడ్ అణువు అంటే నాలుగు ఎసిటాల్డిహైడ్ అణువులు చేతులు పట్టుకుని వలయంగా నిలబడినట్టు ఉంటుంది. మట్టికి సరిగ్గా అంటుకోదు. వాన పడగానే కాలవలోకి, అక్కడ్నుంచి నదిలోకి, నది నుంచి నీటి శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అక్కడ మిగతా పురుగుమందుల్ని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ కూడా దీన్ని సరిగ్గా పట్టుకోలేదు.

అక్కడి తాగునీటిలో ఏ ఒక్క పురుగుమందుకైనా పరిమితి లీటరుకి 0.1 మైక్రోగ్రాము. అదెంతో ఊహించుకోవాలంటే చిన్న లెక్క. ఒలింపిక్ ఈతకొలనులో సుమారు 25 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. దాన్ని 0.1తో గుణిస్తే రెండున్నర లక్షల మైక్రోగ్రాములు, అంటే పావు గ్రాము. ఒక కొలను మొత్తం మీద పావు గ్రాము దాటితే పరిమితి దాటినట్టే. ఆ మాత్రానికే మనిషికి ఏదో అయిపోతుందని కాదు. పురుగుమందు అన్నది నీళ్లలో ఉండకూడదనే జాగ్రత్తతో పెట్టుకున్న గీత అది. వానాకాలం వస్తే చాలు నీటి సంస్థలకి ఆ గీత దగ్గర తిప్పలు మొదలయ్యేవి.

2018 డిసెంబరులో ప్రభుత్వం ఆరుబయట దీని వాడకాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. 2019లో కోర్టు వివాదం తర్వాత ఆ నిర్ణయం రద్దయింది. 2020 సెప్టెంబరులో మళ్లీ ప్రకటించారు. చివరికి 2022 మార్చి 31తో గ్రేట్ బ్రిటన్‌లో ఆరుబయట మెటాల్డిహైడ్ కథ ముగిసింది. రైతుల చేతిలో మిగిలిన గుళికల మందు ప్రధానంగా ఐరన్ ఫాస్ఫేట్. దాంతో పాటు, అప్పటికే పాతికేళ్లకి పైగా ఒక మూల కూర్చుని తన వంతు కోసం ఎదురుచూస్తున్న పురుగు.

ల్యాబ్‌లో దొరికిన హంతకుడు

ఆ పురుగు పేరు ఫాస్మరాబ్డైటిస్ హెర్మఫ్రొడైటా. పలకడానికి నోరు తిరగకపోతే ఫర్వాలేదు, ఇక్కడ్నుంచి 'ఫాస్మ' అందాం. ఇది నెమటోడ్, అంటే మన వ్యవసాయ శాఖ వాళ్లు నులిపురుగు అనే కోవలోదే. పొడవు సుమారు 1 మిల్లీమీటరు. దారం ముక్కకంటే సన్నం. మట్టిలో ఉంటే కంటికి ఆనదు.

దీన్ని 1859లోనే ష్నైడర్ అనే జర్మన్ జంతుశాస్త్రవేత్త వర్ణించాడు. ఆ తర్వాత 1900లో ఎమిల్ మోపా దీని పునరుత్పత్తిని గురించి రాశాడు. ఈ మోపా గారి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆయన ఉద్యోగం అల్జీర్స్‌లో లైబ్రేరియన్. ఖాళీ సమయంలో మైక్రోస్కోపు ముందు కూర్చునేవాడు. అదే 1900లో ఆయన వర్ణించిన ఇంకో మట్టి పురుగు సీ. ఎలిగాన్స్. అవును, సిడ్నీ బ్రెన్నర్ తన పరిశోధన కోసం ఎంచుకున్న పురుగు అదే. ఒంట్లో 959 కణాలు, 302 నాడీకణాలు అని లెక్క తేలిన ఆ పురుగు మీద చేసిన పనికి బ్రెన్నర్, హార్విట్జ్, సల్స్టన్‌లకి 2002లో నోబెల్ వచ్చింది. మన ఫాస్మ, ఆ సీ. ఎలిగాన్స్ ఒకే కుటుంబం వాళ్లు. ఒకటి ల్యాబ్‌లో సెలబ్రిటీ అయితే, రెండోది పొలంలో కిరాయి హంతకుడు అయింది.

కానీ ఫాస్మ నత్తల్ని చంపుతుందని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. చచ్చిన నత్తని తినే పురుగు కాబోలు అనుకున్నారు. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్ రీసెర్చ్ స్టేషన్ అని ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ స్లగ్‌ల మీద పనిచేస్తున్న వాళ్లు మ్యాంటిల్ వాచిపోయి చస్తున్న స్లగ్‌లని గమనించి, లోపల ఏముందా అని చూస్తే ఈ పురుగులు. మైకేల్ విల్సన్, డేవిడ్ గ్లెన్, జార్జ్ కలిసి 1993లో దీన్ని స్లగ్‌ల మీద జీవాయుధంగా వాడొచ్చని పరిశోధన పత్రం రాశారు. మరుసటి ఏడాదే నెమాస్లగ్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1859 నుంచి 1994 దాకా, అంటే 135 ఏళ్లు, పేరూ ఊరూ తెలిసిన పురుగు పని మాత్రం తెలియకుండా ఉండిపోయింది. ఆ కేంద్రాన్ని 2003లో మూసేశారు. పురుగు మాత్రం వ్యాపారంలో స్థిరపడింది.

హత్య ఎలా జరుగుతుంది

ప్యాకెట్లో ఉండే పురుగులు మామూలు దశలో ఉండవు. వాటిది 'డావర్' అనే ప్రత్యేక దశ. డావర్ అంటే జర్మన్ భాషలో దీర్ఘకాలం నిలిచేది అని అర్థం. నోరు మూసుకుని ఉంటుంది, ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద బతుకుతుంది. పాత చర్మాన్ని విడిచెయ్యకుండా పైన కోటులా తొడుక్కునే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ల్యాప్‌టాప్ స్లీప్ మోడ్‌లో ఉన్నట్టు. బ్యాటరీ కొంచెం కొంచెం ఖర్చవుతూ ఉంటుంది, సరైన సిగ్నల్ వస్తే లేస్తుంది.

ఆ సిగ్నల్ స్లగ్ జిగురు, స్లగ్ మలం. మట్టి రేణువుల మధ్య ఉండే పలుచటి నీటి పొరలో పాకుతూ ఆ వాసన దిక్కుగా వెళుతుంది. దొరికిన స్లగ్ వీపు మీద మ్యాంటిల్ వెనక భాగంలో ఉన్న సన్నటి సందులోంచి లోపలికి దూరుతుంది. ఆ దారి ఇందాక చెప్పుకున్న ఖాళీ గదికి, పాత గుల్ల ఉన్న గదికి వెళుతుంది. స్లగ్ పూర్వీకుల నుంచి దాచుకొచ్చిన గది, శత్రువుకి దొడ్డి గుమ్మం అయింది.

లోపలికి చేరాక కోటు విప్పి, నోరు తెరిచి, తినడం మొదలుపెడుతుంది. పెద్దదై గుడ్లు పెడుతుంది. దీనికి తోడు కూడా అక్కర్లేదు. పేరులోనే హెర్మఫ్రొడైటా, అంటే ఉభయలింగి. తనని తానే ఫలదీకరించుకుంటుంది, మగవి ఎక్కడో అరుదుగా తప్ప ఉండవు. కాబట్టి ఒక్క పురుగు లోపలికి వెళ్లినా కుటుంబం తయారు. గది నిండే కొద్దీ మ్యాంటిల్ వాస్తుంది. కొద్ది రోజుల్లోనే స్లగ్‌కి తిండి సహించదు. రైతుకి కావాల్సింది నిజానికి ఇదే. చావు నాలుగు రోజుల నుంచి మూడు వారాల మధ్య ఎప్పుడైనా రావచ్చు, పంట మాత్రం అంతకు ముందే ఊపిరి పీల్చుకుంటుంది.

చచ్చాక పురుగులు ఒళ్లంతా పాకి, మిగిలింది మొత్తం తినేసి, తిండి అయిపోగానే మళ్లీ డావర్ కోటు తొడుక్కుని మట్టిలోకి వెళ్లిపోతాయి. జబ్బు పడిన స్లగ్‌లు ఎక్కువగా మట్టి లోపలికి దిగి చస్తాయి కాబట్టి పైన శవాలు కనిపించవు. అందుకే కొత్తగా వాడినవాళ్లు 'ఏమీ చావలేదు, డబ్బులు దండగ' అనుకోవడం మామూలే. ఫలితం చూడాల్సింది ఆకుల మీద.

అసలు చంపింది ఎవరు?

ఇక్కడ ఒక తేలని కేసు ఉంది. కీటకాల్ని చంపే నెమటోడ్‌లు వేరే ఉన్నాయి, స్టైనర్‌నీమా, హెటిరోరాబ్డైటిస్ అని. వాటి విషయంలో గొడవ లేదు. అవి తమ కడుపులో ఒక ప్రత్యేక బ్యాక్టీరియాని మోసుకెళ్లి కీటకం రక్తంలో వదులుతాయి, దాన్ని చంపడంలో పెద్ద పాత్ర ఆ బ్యాక్టీరియాదే. పురుగు దాదాపు సిరంజి లాంటిది.

ఫాస్మని ఫ్యాక్టరీలో పెంచేటప్పుడు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియాని మేతగా పెట్టారు. 2000 దశకం మొదట్లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు టాన్, గ్రేవాల్ ఈ బ్యాక్టీరియాని నేరుగా స్లగ్ గుల్లగదిలోకి ఎక్కిస్తే స్లగ్ చస్తోందనీ, దాని కణకవచంలోని విషమే కారణమనీ చూపించారు. కేసు ముగిసిందనుకున్నారు. కానీ 2010లో రే, టూర్నా, విల్సన్ వేరే బ్యాక్టీరియాల మీద పెంచిన ఫాస్మ కూడా బాగానే చంపుతోందని చూపించారు. మట్టిలో స్వేచ్ఛగా తిరిగే ఫాస్మల్లో ఎప్పుడూ మొరాక్సెల్లాయే ఉంటుందన్న నియమమూ లేదు. అంటే తుపాకీలో గుండు ఒకటే రకం కాదన్నమాట. పాతికేళ్లు మార్కెట్లో అమ్ముడైన సరుకు అసలు ఎలా పనిచేస్తుందో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తెలియకపోవడం మనకి వింతగా ఉండొచ్చు. ఇంజనీరింగ్‌లో ఇది కొత్తేం కాదు. ఆవిరి యంత్రాలు తిరిగాకే థర్మోడైనమిక్స్ పుస్తకాలొచ్చాయి.

300 కోట్లు, ఒక హెక్టారు

సిఫార్సు చేసిన మోతాదు చదరపు మీటరుకి 3 లక్షల పురుగులు. 40 చదరపు మీటర్ల ఇంటి తోటకి అమ్మే ప్యాకెట్లో 1 కోటీ 20 లక్షల పురుగులు ఉంటాయి. హెక్టారుకి లెక్క వేస్తే 300 కోట్లు. మన లెక్కలో ఎకరాకి సుమారు 121 కోట్లు. భారతదేశ జనాభాకి కొంచెం తక్కువ, ఒక ఎకరంలో!

ఇన్ని పురుగుల్ని చేత్తో ఏరలేం కదా. బీరు, యాంటీబయాటిక్స్ తయారుచేసినట్టే స్టీలు ఫెర్మెంటర్లలో పెంచుతారు. ముందు పోషక ద్రవంలో బ్యాక్టీరియాని పెంచి, తర్వాత అందులో పురుగుల్ని వదులుతారు. ఇక్కడే బయోటెక్ వాళ్లకి పరీక్షలో అడగదగ్గ ప్రశ్న. బ్యాక్టీరియాకీ పురుగులకీ ఇద్దరికీ ఆక్సిజన్ కావాలి, కాబట్టి బాగా కలపాలి, గాలి బాగా ఎక్కించాలి. గట్టిగా కలిపితే తిరిగే బ్లేడ్ల దగ్గర పుట్టే కోత బలానికి 1 మిల్లీమీటరు పురుగులు ముక్కలవుతాయి. మెల్లగా కలిపితే ఊపిరాడక చస్తాయి. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని దారే డిజైన్. పైగా అన్నీ ఒకేసారి డావర్ దశకి రావాలి, వేరే ఏ సూక్ష్మజీవీ లోపల చొరబడకూడదు. ఆ తర్వాత వడకట్టి, తడి పొడి లాంటి పదార్థంలో కలిపి ప్యాక్ చేస్తారు. అది ప్రాణమున్న సరుకు కనుక చల్లగా ఉంచాలి, కొద్ది వారాల్లోనే వాడెయ్యాలి. గోడౌన్‌లో బస్తాలు పేర్చి పెట్టుకునే వీలు లేదు.

వాడకం మాత్రం సులువు. మట్టి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటాక, ఎండ తగ్గాక సాయంత్రం, తడిగా ఉన్న నేల మీద నీళ్లలో కలిపి పొయ్యాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొడిదనం రెండూ వీటికి యముడే. పోసేటప్పుడు మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి, లేకపోతే పురుగులు బకెట్ అడుగుకి దిగిపోయి మొదటి మడికి వట్టి నీళ్లు, చివరి మడికి పురుగుల పాయసం దక్కుతుంది. స్ప్రేయర్ వాడితే సన్న జాలీలు తీసెయ్యాలి. తర్వాత రెండు వారాలు నేల ఆరకూడదు. ఇలా చేస్తే ఆరు వారాల దాకా రక్షణ. తర్వాత మళ్లీ కొనాలి.

ఇంత బాగుంటే అందరూ ఎందుకు వాడరు?

మొదటి కారణం డబ్బు. గుళికలతో పోలిస్తే పురుగులు బాగా ఖరీదు. ఇంటి తోటలో నాలుగు మడులకి ఫర్వాలేదు. లెట్యూస్, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ లాంటి ఖరీదైన కూరగాయలకి గిట్టుబాటు అవుతుంది. వందల హెక్టార్ల గోధుమ రైతుకి ఆ లెక్క కుదరదు. మెటాల్డిహైడ్ పోయాక పర్యావరణం బాగుపడింది సరే, దాని బదులు వచ్చిన వస్తువు అందరి జేబుకీ అందలేదు. 'పర్యావరణ హితం' అన్న ప్రతి మాట వెనకా ఈ ప్రశ్న ఉంటుంది. దాని ఖర్చు ఎవరు భరించాలి?

రెండో కారణం, ఇది అందర్నీ చంపదు. బూడిద స్లగ్ మీద బ్రహ్మాస్త్రం. పెద్ద ఏరియన్ జాతి స్లగ్‌లు పిల్లలుగా ఉన్నప్పుడు చస్తాయి కానీ పెద్దయ్యాక తట్టుకుంటాయి. కొన్ని జాతుల్లో ఫాస్మ లోపలికి వెళ్లి ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చుంటుంది. ఆ జీవి మామూలుగా చచ్చేదాకా ఆగి, అప్పుడు తింటుంది. ఓపికున్న వారసుడిలా.

గుల్ల ఉన్న నత్తల్లో చాలావాటి దగ్గర దీని పప్పులు ఉడకవు. ఎందుకో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లోపలికి వచ్చిన పురుగుని నత్త కణాలు చుట్టుముట్టి, గుల్ల లోపలి గోడకి అంటించి, దాని మీద గుల్ల పదార్థంతోనే పూత వేసేస్తాయి. అనార్కలిని గోడలో పెట్టి చిన్నట్టు, పురుగు గోడలో సమాధి. లివర్‌పూల్ జాన్ మూర్స్ యూనివర్సిటీలో రాబీ రే 2017లో మ్యూజియంలలో ఉన్న పాత గుల్లల్ని కూడా పరిశీలించి, వాటి గోడల్లో ఇలా చిక్కుకున్న పురుగుల్ని చూపించాడు. గుల్ల అంటే ఇల్లు మాత్రమే అనుకుంటాం, అది రోగనిరోధక అవయవం కూడా. గుల్లని వదులుకుని తేలికపడ్డ స్లగ్ ఆ కాపలాని కూడా చాలావరకు వదులుకుంది.

అదే యూనివర్సిటీ వాళ్లు 2018లో ఇంకో సంగతి బయటపెట్టారు. మామూలు స్లగ్‌లు ఫాస్మ ఉన్న చోటి నుంచి తప్పుకుంటాయి. ఒకసారి పురుగు పట్టాక మాత్రం స్లగ్‌లు పురుగులున్న వైపే వెళ్లడం మొదలుపెట్టాయి. మన మెదడులో కూడా పనిచేసే సెరటోనిన్ అనే రసాయనానికి ఇందులో పాత్ర ఉన్నట్టు తేలింది. పరాన్నజీవి తిండినే కాదు, బుద్ధిని కూడా తనవైపు తిప్పుకుంటోంది.

సహజం అంటే క్షేమం అనేనా?

మనుషులకీ పెంపుడు జంతువులకీ ఫాస్మతో భయం లేదు. దీనికి నచ్చేది 17 డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం, మన ఒంట్లో ఉండే 37 డిగ్రీలు దానికి నరకం. వానపాముల జోలికీ పోదు. కానీ ల్యాబ్ పరీక్షల్లో రైతుకి ఏ హానీ చెయ్యని కొన్ని నత్త జాతులు కూడా దీనికి బలయ్యాయి. అందుకే 'సహజం కాబట్టి ఎక్కడైనా వాడొచ్చు' అనే మాట దగ్గర ఆగాలి.

ఎందుకు ఆగాలో చెప్పే పాత కథ ఒకటుంది. ఆఫ్రికా రాక్షస నత్తని అదుపు చెయ్యడానికి 1955లో హవాయి దీవులకి ఇంకో నత్తని తీసుకొచ్చారు, నత్తల్ని వేటాడి తినే రోజీ తోడేలు నత్త. 1970లలో ఫ్రెంచ్ పాలినేషియాలో కూడా వదిలారు. అది రాక్షస నత్తని వదిలేసి, ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని చిన్న చెట్టు నత్తల మీద పడింది. పదేళ్లు తిరక్కుండానే మూరియా దీవి అడవుల్లో పార్టులా నత్తలు లేకుండా పోయాయి. జూలలో కాపాడిన కొన్ని జాతుల్ని ఇప్పుడు తిరిగి వదులుతున్నారు. ఆ పని చేసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. విషం చల్లకుండా సహజంగా పరిష్కరిద్దామనుకున్నవాళ్లే.

అందుకే అమెరికాలో ఫాస్మని అమ్మనివ్వలేదు. అది తమ నేలది కాదన్నారు. 2014లో కాలిఫోర్నియా స్లగ్‌లలోనే ఇది ఉందని పరిశోధకులు ప్రకటించారు. 2016లో దాని చుట్టమైన ఫాస్మరాబ్డైటిస్ కాలిఫోర్నికాని కొత్త జాతిగా వర్ణించారు. బ్రిటన్‌లో ఇటీవల వచ్చిన నెమాస్లగ్ కొత్త రకంలో వాడుతున్నది ఈ కాలిఫోర్నికానే.

మరి మన సంగతి?

మనకి స్లగ్ కన్నా పెద్ద తలనొప్పి ఆ ఆఫ్రికా రాక్షస నత్తే. 1847లో బెన్సన్ అనే నత్తల పరిశోధకుడు మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలాడని చరిత్ర. ఇప్పుడు కేరళలో వానాకాలం వస్తే గోడలెక్కి తోటలు మేస్తోంది. ఫాస్మని తెప్పించి పోస్తే పోలా అనిపిస్తుంది కదూ? 2015లో సరిగ్గా ఇదే పరీక్ష చేసి చూశారు. రాక్షస నత్త చావలేదు. పురుగుల్ని పట్టి గుల్ల గోడలో పాతేసింది. దానికి తోడు మన వేసవి నేల ఆ చలిదేశపు పురుగుకి పెనం లాంటిది. పక్కవాడి పొలంలో పనిచేసింది కదా అని మన పొలంలోకి ఎత్తుకొచ్చే వీలు లేదు. ఆ రాక్షస నత్త కనిపిస్తే వట్టి చేత్తో మాత్రం పట్టుకోకండి, మెదడు పొరలకి జబ్బు తెచ్చే ఎలుక పురుగు పిల్లల్ని అది మోస్తుంటుంది. ఆకుకూరలు బాగా కడుక్కుని, వండుకుని తినండి.

అయితే మన నేలకి మన పురుగు ఉంది. 1992లో కోయంబత్తూరు మట్టి నుంచి ఒక కొత్త నెమటోడ్‌ని వర్ణించారు, పేరు హెటిరోరాబ్డైటిస్ ఇండికా. ఇది నత్తల్ని కాదు, కీటకాల్ని చంపేది. వేడికి తట్టుకుంటుంది. చెరకు, పోక వేళ్లని తినే వేరుపురుగుల మీద దీన్ని వాడే పద్ధతిని బెంగళూరులోని వ్యవసాయ కీటక వనరుల జాతీయ సంస్థ రైతుల దాకా తెచ్చింది. కాబట్టి ప్యాకెట్లో పురుగుల్ని అమ్మే విద్య మనకీ ఉంది. మన నత్తల మీద పనిచేసే పురుగు మన మట్టిలోనే ఎక్కడో ఉందేమో వెతకడం ఎవరైనా చెయ్యదగ్గ పని. లాంగ్ ఆష్టన్ వాళ్లు మొదట చేసింది అదే కదా. జబ్బుపడిన నత్తని పారెయ్యకుండా కోసి చూశారు.

ఇంతకీ బ్రిటన్‌లో తోటమాలులకి పెద్దదిక్కైన రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2022లో ఒక ప్రకటన చేసింది. ఇకమీదట నత్తల్నీ స్లగ్‌లనీ చీడపురుగులు అని పిలవబోమని. ఉన్న 44 స్లగ్ రకాల్లో తోటమొక్కలు తినేవి తొమ్మిదేనట. మిగతావి కుళ్లిన ఆకులు తిని ఎరువు చేస్తాయి, పక్షులకీ ముళ్లపందులకీ ఆహారమవుతాయి. నెమటోడ్‌లు కూడా అంతే. మట్టిలో ఉన్న లెక్కలేనన్ని నెమటోడ్‌లలో మన వేళ్లనీ పేగుల్నీ పట్టుకునేవి కొన్నే.

మెటాల్డిహైడ్ ఎర తిన్నవాళ్లలో ఎవరు నత్తో ఎవరు కుక్కో చూడలేదు. ఫాస్మ కొంత చూస్తుంది, పూర్తిగా కాదు. ఆ 'కొంత'కీ 'పూర్తిగా'కీ మధ్య ఉన్న ఖాళీలోనే రాబోయే పాతికేళ్ల పని ఉంది. బయోటెక్ మిత్రులు ఫెర్మెంటర్ చూసుకుంటారు, సివిల్ మిత్రులు నీళ్లు చూసుకుంటారు, సీఎస్సీ వాళ్లు కూడా ఖాళీగా ఉండక్కర్లేదు. ఏ మడిలో ఎన్ని స్లగ్‌లున్నాయో కెమెరాతో లెక్కపెట్టి, అవసరమైన చోట మాత్రమే పురుగుల్ని పోస్తే ఎకరాకి 121 కోట్లు అక్కర్లేదు కదా. ఖర్చు తగ్గితే గోధుమ రైతుకీ అందుతుంది.